కండెకు చుట్టిన కరెంటు తీగ

మోటారు పిన్నికి ఆ పేరు ఎవరు పెట్టారో ఆవిడకే గుర్తు లేదు. కాలిపోయిన ఫ్యాను మోటార్లు, మిక్సీ మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం ఆవిడ పని. భర్త పోయాక దుకాణం అమ్మేయమని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. ఆవిడ అందరి సలహాలూ శ్రద్ధగా విని, తలూపి, మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తింది. అది పంతొమ్మిదేళ్ల కిందటి మాట. ఇప్పుడు అటు నాలుగు వీధులు, ఇటు నాలుగు వీధుల్లో ఏ ఫ్యాను మూలిగినా ముందు ఆవిడకే కబురు వెళుతుంది.

పని బాగా చేస్తుంది గానీ ప్రశ్నలెక్కువ. మిక్సీ పట్టుకొచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, "ఏం వేసి తిప్పారు, ఎంతసేపు తిప్పారు, మధ్యలో ఆపారా, ఆపితే ఎందుకు ఆపారు" అని మొదలుపెడుతుంది. అడిగి అడిగి, ఆ మిక్సీని కాల్చింది కోడలు కాదు, వద్దన్నా వినని మామగారని తేల్చాకే స్క్రూలు విప్పుతుంది.

ఇంకో అలవాటుంది. ఎవరింటికి వెళ్లినా, గోడకున్న ప్లగ్గు మీద కుడిచేతి వెనకవైపు ఆనించి చూస్తుంది, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. వేడిగా తగిలితే "ఇది ఆపేయండి" అంటుంది. కొందరు ఆపుతారు. కొందరు నవ్వి, ఆవిడ వెళ్లాక ఆపుతారు.

ఏడాది చివరి సెలవులు దగ్గరపడితే ఆవిడకు ఊపిరాడదు. ప్రతి ఇంటి అటక మీద నుంచీ పాత సీరియల్ లైట్లు దిగుతాయి. చిక్కులుపడి, ఎలుకలు కొరికి, కొరికిన చోటల్లా కాగితం టేపు చుట్టించుకుని వస్తాయి. "ఇవి లైట్లా, ఆస్పత్రి నుంచి పారిపోయొచ్చిన రోగులా?" అంటుంది పిన్ని. బాగుపడేవి బాగుచేస్తుంది, బాగుపడనివి అక్కడే కత్తిరించి డబ్బాలో వేస్తుంది. మళ్లీ అడిగి పట్టుకెళ్లకుండా.

ఈ హడావుడిలోనే కూతురు దుకాణానికి వచ్చింది. పెళ్లై రెండేళ్లయింది, ఇప్పుడు ఆరో నెల.

"అమ్మా, ఆదివారం సాయంత్రం మా ఇంటికి రమ్మన్నారు" అంది.

"ఎవరు? మీ అత్తగారా, మామగారా?"

"ఇద్దరూ."

"ముందు ఎవరన్నారు?"

"అత్తయ్య అన్నారు. మామయ్య కాదనలేదు. ఇక ఆపు."

మామయ్య కాదనకపోవడం చిన్న విషయమేం కాదు. కిందటేడు ఇవే సెలవుల్లో, ఆ ఇంట్లో ఇరవై మంది భోజనానికి కూర్చున్నప్పుడు, స్విచ్చుబోర్డులో ఏదో చిటపటమంటోందని పిన్ని సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, ఎవరికీ చెప్పకుండా మెయిన్ ఆపేసింది. ఇల్లంతా చీకటి. ఎవరి పళ్లెంలో ఎవరి చెయ్యి ఉందో తెలియని స్థితి. తీరా చూస్తే బోర్డు శుభ్రంగా ఉంది. చిటపటలాడింది పక్కగదిలో పిల్లాడి బొమ్మ. "భోజనానికి పిలిచామా, తనిఖీకి పిలిచామా?" అన్నాడు వియ్యంకుడు. అంతే. ఏడాదిగా ఆవిడతో నేరుగా ఒక్క మాట లేదు.

"చూడమ్మా" అంది కూతురు. "ఈసారి ఒక్క స్విచ్చు ముట్టుకున్నావంటే, ఇంకోసారి నిన్ను పిలవమని అడగడానికి నాకు మొహం ఉండదు. రేపు బిడ్డ పుట్టాక నువ్వు ఆ గుమ్మం బయట నిలబడి చూసి వెళతావా?"

పిన్ని చేతిలో ఉన్న తీగ పక్కన పెట్టింది. "ముట్టుకోను" అంది.

"సంచి ఇలా ఇవ్వు."

సంచిలోంచి స్క్రూడ్రైవరు, టెస్టరు, చిన్న కటింగ్ ప్లయరు బయటికొచ్చాయి.

"ఇంకేం లేదుగా?"

"ఇన్సులేషన్ టేపుంది. అది కూడానా?"

"అది కూడా."

ఆదివారం ఆవిడ ఖాళీ సంచితో, మంచి చీరతో, చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఆ ఇంటి గుమ్మం ఎక్కింది.

వియ్యంకుడు దారం మిల్లులో ముప్ఫై అయిదేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కండెలు చుట్టే విభాగం. దారం ఎక్కడ వదులుగా వేలాడినా ఆయన కంటికి నలుసు పడ్డట్టే. ఆ ఇంట్లో మొక్కల గొట్టం చుట్టచుట్టి ఉంటుంది, చార్జరు తీగకు రబ్బరు బ్యాండు ఉంటుంది, ఎవరైనా బూట్ల లేసులు వదిలేసి లోపలికొస్తే వాళ్లు కాఫీ తాగి లేచేలోపు అవి కూడా ముడిపడి ఉంటాయి.

హాలు చూస్తే కళ్లు చెదిరేలా ఉంది. కిటికీలకు ఆరు దండల లైట్లు. ఒక మూల హీటరు ఎర్రగా వెలుగుతోంది. బల్ల మీద ఎలక్ట్రిక్ కెటిల్ కుతకుతలాడుతోంది. పదిమంది దాకా చుట్టాలు కప్పులు పట్టుకుని కూర్చున్నారు. ఇన్ని వెలుగుతున్నా ఎక్కడా వేలాడే తీగ ఒక్కటీ కనబడదు. అన్నీ సోఫా వెనక్కి వెళ్లి, ఎర్ర మఖమలు గుడ్డ కప్పిన గుండ్రటి వస్తువు కింద మాయమవుతున్నాయి.

"ఆవిడను ఆ కుర్చీలో కూర్చోమను" అన్నాడు వియ్యంకుడు భార్యతో. పిన్ని రెండడుగుల దూరంలోనే ఉంది.

పిన్ని కూర్చుంది. కూర్చున్న అయిదు నిమిషాలకు ముక్కుకు వాసన తగిలింది. తియ్యటి, జిగురు జిగురు వాసన. దుకాణంలో రోజూ పీల్చే వాసనకు దూరపు చుట్టం.

"వదినగారూ, ఏదో వాసన వస్తోంది కదూ?" అంది వియ్యపురాలితో.

"ఓవెన్లో బిస్కెట్లు పెట్టానండీ వదినగారూ" అంది వియ్యపురాలు మురిసిపోతూ.

అవతల నుంచి కూతురు కళ్లతోనే తల్లి చేతులు కట్టేసింది. పిన్ని బిస్కెట్టు తీసుకుని వాసన చూసింది. ఇది వేరు, అది వేరు. అనుమానం గట్టిదే, కానీ కిందటేడూ గట్టి అనుమానమే. ఈసారి కూడా బొమ్మే అయితే మనవడో మనవరాలో ఫోటోల్లోనే పెరుగుతారు. ముట్టుకోనని మాటిచ్చింది. అడగనని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

"ఆ ఎర్రగుడ్డ కింద ఏమిటండీ?"

"మీ అన్నయ్యగారి పనితనం" అంది వియ్యపురాలు. "ఇరవై అయిదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ తీగ కొన్నారు. ఇల్లంతా పాములా పాకడమేమిటని, మిల్లు నుంచి తెచ్చుకున్న కొయ్య కండె మీద చుట్టేశారు. కొస మాత్రం బయటికి. గుడ్డ నేనే కుట్టాను."

పిన్ని నోట్లో బిస్కెట్టు ఆగింది.

"ఎన్ని వరసలు పట్టాయి అన్నయ్యగారూ?"

"అయిదని చెప్పు" అన్నాడాయన భార్యతో.

"వరసకు ఎన్ని చుట్లు?"

"పద్దెనిమిదని చెప్పు. ఏ వరసలోనూ ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"చుట్టుకూ చుట్టుకూ మధ్య కాస్త సందు వదిలారా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "సందు వదిలితే దాన్ని చుట్టడం అంటారా చెల్లెమ్మా?" అన్నాడు. నేరుగానే అన్నాడు. ముప్ఫై అయిదేళ్ల పనిని ఎవరూ ఇలా వరసలు లెక్కపెట్టి అడగలేదేమో, కోపం కన్నా ఉత్సాహమే ముందొచ్చింది. "గోరు పట్టదు. కావాలంటే చూడండి."

"చూస్తాను. ముట్టుకోను, చూస్తానంతే" అంది పిన్ని, సగం కూతురికి చెబుతూ.

ఆయన సోఫా జరిపి, గుడ్డను పెళ్లికూతురి ముసుగంత జాగ్రత్తగా ఎత్తాడు. కుంపటి మీద మూత తీసినట్టు సెగ వచ్చింది. తీగ నునుపుగా మెరుస్తోంది, మెరవకూడనంత. కింది వరసలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా ఉన్నాయి. పై వరసలో మాత్రం ఒక చుట్టు మెత్తబడి, పక్కకు జారి, బయటికి పొడుచుకొచ్చింది.

ఆయన కంటికి సెగ కనబడలేదు, జారిన చుట్టు కనబడింది. వేలాది కండెల మీద చేసినట్టే, దాన్ని లోపలికి నొక్కడానికి బొటనవేలు దానంతటదే ముందుకెళ్లింది.

పిన్ని కంటికి ఇంకోటి కనబడింది. ఆ చుట్టు వంపులో తొడుగు విచ్చుకుని, గోరంత రాగి తళుక్కుమంటోంది.

మాట చెప్పి వినిపించుకునే వ్యవధి లేదు. ఆవిడ కుర్చీ తన్నుకుంటూ గోడ దగ్గరికి దూకి స్విచ్చు కొట్టింది. ఆరు దండలూ, హీటరూ, కెటిలూ ఒక్కసారి చచ్చిపోయాయి. హాల్లో సాయంకాలపు బూడిదరంగు మిగిలింది.

"మళ్లీనా?" అంది వియ్యపురాలు.

కూతురు కళ్లు మూసుకుంది. పిన్ని స్విచ్చు మీద చెయ్యి తియ్యకుండా నిలబడింది. తీస్తే ఎవరైనా మళ్లీ వేస్తారని భయం.

వియ్యంకుడు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. కిటికీ వెలుగులో తన బొటనవేలినీ, దానికి అంగుళం దూరంలో ఉన్న రాగినీ చూశాడు. లేచి, ప్లగ్గు గోడలోంచి తనే పీకాడు.

"నేనే ఆపమన్నాను" అన్నాడు.

"ఎప్పుడన్నారు? నేనిక్కడే ఉన్నాగా" అంది భార్య.

"కంటితో అన్నాను. అన్నీ నీకు వినబడాలా?"

చుట్టాల్లో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కూతురు కళ్లు తెరిచింది.

హీటరును వేరే గోడకు, దాని సొంత ప్లగ్గుకు పెట్టారు. కెటిలు వంటింట్లోకి వెళ్లింది. లైట్లలో రెండు దండలకే గోడ ప్లగ్గు అందింది. అవే చాలన్నారు.

"నాకొకటి చెప్పండి" అన్నాడాయన వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి. "తీగ కొత్తది. మంచి దుకాణంలో కొన్నాను. తప్పెక్కడుంది?"

"తీగలో కరెంటు నడిస్తే కాస్త వేడి పుడుతుంది అన్నయ్యగారూ. పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. చుట్టి, పైన మఖమలు కప్పితే ఎక్కడికి పోతుంది? లోపలే కూర్చుని తీగను ఉడికిస్తుంది. లైట్లు మాత్రమే అయితే ఎలాగో నెగ్గుకొచ్చేదేమో. మీరు హీటరు కూడా తగిలించారు. పొడుగు తీగ వాడాలంటే మొత్తం విప్పాలి, పైన ఏదీ కప్పకూడదు. హీటరును మాత్రం దానికి తగిలించనే కూడదు."

"మీరు మోటార్లలో చుట్టట్లేదా మరి?"

"చుడతాను. అవి కూడా అలాగే కాలతాయి. కాలబట్టే నాకు పని."

ఆయన గుమ్మంలోంచి హాల్లో ఉన్న కండె వైపు చూశాడు. "పాడైన ముక్క కోసేస్తే మిగతాది పనికొస్తుంది కదా?"

"లోపల ఎంత మెత్తబడిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పారేయండి."

పారేస్తానని తలూపాడు గానీ లోపలికి వెళ్లలేదు. గడ్డం గోక్కున్నాడు.

"ఇంకా ఏమైనా ఉందా?" అంది పిన్ని. అడగడంలో ఆవిడకు ఆలస్యం ఉండదు.

"ఇలాంటివే ఇంకో మూడు చేశాను. సెలవుల కానుకగా. ఒకటి మా చెల్లెలికి, ఒకటి మా తమ్ముడికి, ఒకటి మా పాత సూపర్‌వైజరుకి."

"ఫోను ఎక్కడుంది?"

తమ్ముడు మొదటి రింగుకే ఎత్తాడు. "స్విచ్చు ఆపి ప్లగ్గు పీకు. ఎందుకేమిటి, నేను చెబుతున్నాను గనక" అన్నాడు వియ్యంకుడు. సూపర్‌వైజరుకు మాత్రం "అయ్యా, చిన్న పొరపాటు జరిగింది" అనక తప్పలేదు. ఆ మాట అంటున్నప్పుడు పిన్ని మర్యాదగా మొక్కల వైపు చూసింది. చెల్లెలు ఎత్తలేదు. మూడుసార్లు చేసినా ఎత్తలేదు.

"ఎంత దూరం?"

"రెండు వీధులవతల."

"నడవండి."

దారిలో ఆయన, "మాట నేను చెబుతాను. మీరు ఊరికే ఉండండి" అన్నాడు. సరేనంది పిన్ని. చెల్లెలు వంటింట్లోంచి వచ్చి తలుపు తీసింది. ఫోను సోఫాలో, ఎర్రగుడ్డ కప్పిన కండె టీవీ పక్కన పూలకుండీ లెవెల్లో ఉన్నాయి. ఆయన పలకరింపు కూడా లేకుండా వెళ్లి స్విచ్చు ఆపాడు, ప్లగ్గు పీకాడు.

"ఇదేమిటన్నయ్యా, నువ్వే ఇస్తావు, నువ్వే పీకుతావా?"

"చుట్టింది నేనే. వద్దంటున్నదీ నేనే. వేడి లోపలే కూర్చుని తీగను ఉడికిస్తుందే, ఆ మాత్రం తెలీదూ?"

పిన్ని ఊరికే ఉంది, ఒప్పందం ప్రకారం. గుడ్డ తీసి చూస్తే లోపల గోరువెచ్చగా ఉందంతే. వీళ్లకు హీటరు లేదు. ఆయన ఊపిరి పీల్చుకుని గోడకు ఆనుకున్నాడు.

అప్పుడే వంటింట్లోంచి ఏదో గుర్రుమన్న చప్పుడు. పిన్ని తల అటు తిరిగింది.

"అమ్మాయ్, ఈ ఫ్రిజ్జు ఎన్నేళ్లది?" అంది చెల్లెలితో. "ఈ చప్పుడు ఎప్పట్నుంచీ? రాత్రిళ్లు ఎక్కువా, పగలు ఎక్కువా? వెనక గోడకు ఎంత దూరంలో పెట్టారు?"

చెల్లెలు బిత్తరపోయి అన్నయ్య వైపు చూసింది. ఆయన ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది ఇప్పట్లో తేలదు గానీ, రెండు కాఫీలు పెట్టవే" అన్నాడు. "ఆవిడకు చక్కెర తక్కువ."