వెనక బండికి ఏరియల్

లక్ష్మీరాజం లారీ అద్దాన్ని మోసే ఇనుప పట్టీని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఎర్రరంగు పొడిపొడిగా రాలుతోంది. కింద నిలబడ్డ బండి ఓనరు రాజన్నకు ఆ రాలేది తన ఒంటి తోలే అన్నట్టుంది.

"మొన్ననే కోరుట్లల పెయింటు కొట్టిచ్చిన. అప్పుడే గీకుతున్నవా?"

"నీ క్యాబిను కట్టెది రాజన్నా. కట్టె మీద ఏరియల్ పెడితే దానికి కాళ్లు లేనట్టే. ఇనుముకు ఇనుము తగలాలె."

"సరే, గా పొడుగుది పెట్టు. జగిత్యాల బండోళ్లు సూసి కుళ్లుకోవాలె."

"పొడుగుది పెడితే మెట్‌పల్లి దాటకముందే చింతకొమ్మకు తట్టి ఇరుగుతది. కుళ్లుకునుడు కాదు, నవ్వుతరు."

రాజన్న గొణుక్కుంటూ ఊరుకున్నాడు. లక్ష్మీరాజం పొట్టిదే తీశాడు. మనిషి నడుమెత్తు ఉంటుందేమో, లోపల సన్నతీగ చుట్లుచుట్లుగా దాగి ఉంటుంది. దుబాయిలో ట్రక్కుల షెడ్డులో ఇటువంటివి ఎన్నో బిగించాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కవాడి చేతులు చూస్తూ నేర్చుకున్నాడు. షెడ్డు మూతపడ్డాక సిరిసిల్లకు వచ్చి, బండ్లకు బ్యాటరీలు, వైరింగు చూసుకుంటూ బతుకుతున్నాడు.

రాజన్నకు ఈ రేడియో సెట్ల పిచ్చి ఊరికే పట్టలేదు. కిందటేడు మహారాష్ట్రలోని భివండి దారిలో, మాల్షేజ్ ఘాట్ దిగుతుంటే అతని రెండు బండ్లలో వెనకదానికి బ్రేకులు తగ్గాయి. హారను మీద హారను కొట్టాడు. ముందు బండివాడు సైడు అడుగుతున్నాడనుకుని పట్టించుకోలేదు. వెనక బండి కొండకు రాసుకుని ఆగింది. మనుషులు మిగిలారు, అంతే. ఆ కొండల్లో సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఒక బండి మాట ఇంకో బండికి అందాలంటే ఈ సెట్టే దిక్కు. అప్పటినుంచి రాజన్నది ఒకటే మాట, సెట్టు పలకనిదే బండి కదలదు. జగిత్యాల పసుపు బస్తాల లోడుతో ముందు బండి అప్పటికే మానేరు వంతెన అవతల ఆగి ఉంది. డ్రైవర్ సాగర్ అందులో సెట్టు ముందర కూర్చున్నాడు.

ఈ వెనక బండి లోడు లక్ష్మీరాజం చెల్లెలు బాలమణిది. నాలుగు సాంచాలు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలే అంటారు. నూలు ఇచ్చే యజమాని నేసిన కూలి ఈ నెల, వచ్చే నెల అంటూ చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. సాంచాలను భివండి సేటు కొన్నాడు. వాటి సంగతి తెలిసిన మనుషులు కూడా వెంట రావాలన్నాడు. అంటే బాలమణి, ఆమె భర్త జితేందర్ ఇకనుంచి తమ సాంచాల మీదే కూలికి నేయాలి. పాలుతాగే బిడ్డ కూడా ఈ క్యాబిన్‌లోనే పోతుంది.

పోవద్దని లక్ష్మీరాజం ఎన్నిసార్లో అన్నాడు. "ఉండి ఏం జెయ్యాలె అన్నా?" అని ఆమె అడిగేది. ఇప్పుడు అతని చేతిలో ఉన్నది ఈ పట్టీ, రెండు నట్లు, ఒక వైరు.

పట్టీ నుంచి చాసిస్ దాకా రాగి అల్లిక వైరు లాగి బిగించాడు. సెట్టుకూ ఏరియల్‌కూ మధ్య ముల్లు మీటరు పెట్టాడు. సెట్టు పంపిన బలం బయటికి పోకుండా వెనక్కి తన్నితే ముల్లు లేస్తుంది. ఎక్కువ తన్నితే సెట్టు మాడిపోతుంది. జితేందర్ మైకు నొక్కాడు. ముల్లు లేవలేదు.

"అయిపాయెనా బావా? దుబాయిల ఒంటెలకు గిట్లనే కడుతరా?" అన్నాడు జితేందర్. నవ్వించబోయాడు కానీ ఎవరూ నవ్వలేదు.

"ఖాళీ బండి మీద సూస్తే ఏం లెక్క బావా? ఇనుము ఎక్కినంక మళ్ల సూడాలె," అన్నాడు లక్ష్మీరాజం.

హమాలీలు సాంచాలు ఎక్కించారు. ఇనుప ఫ్రేములు క్యాబిన్ కంటే ఎత్తు లేచాయి. తాళ్లు బిగిశాయి. మళ్లీ మైకు నొక్కితే ముల్లు ఒక్కసారి పైకి లేచి ఎర్రగీత మీద నిలబడింది.

లక్ష్మీరాజం కట్టరు అందుకున్నాడు. లోడు ఇనుము వల్లనే అనుకున్నాడు. కొన కత్తిరిస్తే సరిపోవచ్చు. కానీ కత్తిరించింది మళ్లీ అతకదు, ఇంకో పొట్టి ఏరియల్ లేదు.

"వర్జ్యం అస్తున్నది," అన్నాడు రాజన్న. "పలుకకుంటే చెప్పు, రేపే పోదం."

రేపు. ఆ మాట దగ్గర లక్ష్మీరాజం చేతిలోని కట్టరు ఆగింది. ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు, చెల్లెలు ఒక రోజు ఉంటుంది. కానీ ఇంటికి తాళం పడింది, గిన్నెలు మూటలో ఉన్నాయి, సేటు సొమ్ము అప్పుల్లోకి పోయింది. రేపు కూడా ఇదే బండి ఇక్కడే ఉంటుంది.

కత్తిరించే ముందు కింది నుంచి పై దాకా ఒకసారి చేత్తో తడమడం అతని అలవాటు. ఏరియల్ మధ్యలో వేళ్లకు చల్లగా ఏదో తగిలింది. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. ఇనుప తీగకు గుచ్చి, ఆ తీగనే ఏరియల్‌కు చుట్లుచుట్లుగా బిగించారు.

"ఎవలు గట్టిన్రు ఇది?"

బాలమణి బిడ్డను చంక మార్చుకుంది. "నేనే అన్నా, సాంచాలు ఎక్కిస్తుంటె కట్టిన. పైకి ఎత్తున్నది గదా, దిష్టి దానికే తాకుతదని. ఆఖరి సాంచ ఇప్పినప్పుడు తీగ మిగిలితే గుచ్చిన."

"ఏరియల్‌కు ఇనుప తీగ సుట్టద్దమ్మా. పలుకది."

"నాకేమెరుక? మంచిదే అనుకున్న," అంది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే అతను పైకే చూస్తూ తీగ విప్పాడు.

పారేయడానికి చేయి రాలేదు. "నూలు ఉన్నదా?" అన్నాడు. జితేందర్ మూటలోంచి సగం ఖాళీ అయిన నూలుకండె తీశాడు. లక్ష్మీరాజం కాయలను తీగలోంచి లాగి నూలుకు గుచ్చి, ఏరియల్‌కు దూరంగా ముందు బంపరుకు కట్టాడు. మైకు నొక్కమన్నాడు. ముల్లు కింద పడుకుంది.

"సాగరూ, వినబడుతున్నదా?" అన్నాడు జితేందర్.

"నువ్వు నా పక్కనే కూసున్నట్టున్నది," అంది సెట్టు. రాజన్న మొహం విప్పారింది.

బాలమణి క్యాబిన్ ఎక్కింది. "అన్నా, గిందులకెళ్లి నీతోటి ఎంత దూరం దాక మాట్లాడొచ్చు? వేములవాడ దాక?"

"రెండే సెట్లు చెల్లె. ఒకటి ముందటి బండిల, ఒకటి గిది. నాకాడ లేదు."

ఆమె తల ఊపింది. అతను మైకును కొక్కానికి తగిలించాడు. కిందికి దిగి ఏరియల్ మొదలు పట్టుకుని ఊపి చూశాడు. కదలలేదు. నట్లు బిగించే పానా, రెండు ఫ్యూజులు రాజన్న చేతిలో పెట్టాడు.

"ఘాట్ దిగేముందు నట్లు ఒకపారి సూసుకో."

"సూసుకుంట," అని రాజన్న పానాను తన డ్రైవరు సీటు కింద పెట్టుకున్నాడు.