ఇమాం చిచ్చా అడిగిన వేడినీళ్లు

మొన్న పొద్దున్నే పొయ్యి మీది గిన్నె దించుతుంటే వేడినీళ్లు తొణికి నా ఉన్ని శాలువా కొంగు తడిసింది. తడిసిన ఉన్ని వాసన గుప్పుమంది. బయట మా మనవరాలు కారు తాళం తిప్పి, "పోయొస్త అవ్వా" అని అంత చలిలోనూ చిటికెలో వెళ్లిపోయింది. నేను మాత్రం చెంబు పట్టుకొని, మర్రిగూడలో గొంగడి కప్పిన పాత మోటారు పక్కన నిలబడ్డట్టే ఉండిపోయాను.

జర్మనోళ్ల లడాయి నడుస్తున్న కాలం. పెట్రోలు దొరకడమే గగనం. నల్లగొండలో మా దవాఖానకు ఒకే ఒక్క మోటారు ఉండేది. దాన్ని నడిపేది ఇమాం చిచ్చా. సన్నటి మనిషి, తెల్లగడ్డం, ఎప్పుడూ చిన్న దగ్గు. నేను కొత్తగా చేరిన నర్సును. కూలికి పోయే ఇంట్లో పుట్టి, చదువుకొని, తెల్లచీర కట్టిన మొదటిదాన్ని. గర్వం ఉండదా మరి? నిండా ఉండేది. చలికాలం వస్తే చిచ్చా సాయంత్రమే బానెట్ మీద తన నల్లగొంగడి కప్పి, అంచులు జాగ్రత్తగా దోపేవాడు. తాను మాత్రం పాత దుప్పటిలో ముడుచుకొని పడుకునేవాడు. "బండికి గూడ చలివెడ్తదా చిచ్చా?" అని నేను పడీపడీ నవ్వేదాన్ని. "ముసల్ది గద బిడ్డా, దానికీ కీళ్లు పట్టుకుంటయ్" అనేవాడు, నవ్వకుండానే.

ఒకసారి బండి ముందు దోపి ఇంజను లేపే ఇనుప హ్యాండిల్‌ను నేను తిప్పుతానని పట్టుకున్నాను. ఆయన గబుక్కున వచ్చి నా బొటనవేలు ఇవతలికి తీశాడు. "గట్ల పట్టుకోకు. ఎదురు తన్నిందంటే చెయ్యి ఇరుగుతది. ఇగో, నాది చూడు." మణికట్టు వంకరగా అతుక్కొని ఉంది. "వయసు జోరు మీదున్నప్పుడు ఇరిగింది. నాకంతా తెల్సనుకున్న" అన్నాడు. ఆ మాట నాకెందుకులే అనుకున్నాను.

ఆ పుష్యమాసంలో మర్రిగూడ నుంచి కబురొచ్చింది. ఎల్లమ్మ అనే ఆమెకు తొలికాన్పు, నొప్పులు పడుతూనే ఉందట. డాక్టరమ్మకు తీరిక లేక మొదటిసారి నన్ను ఒంటరిగా పంపింది. "కాన్పు కాకపోతే మొండికెయ్యకు, తోలుకొని రా" అని మరీ చెప్పింది. మేం పొద్దుగూకే వేళకు చేరాం. తెల్లవారుతున్నా బిడ్డ దిగలేదు. ఎల్లమ్మ కళ్లు తేలేస్తోంది. అయినా నేను "ఇంకాసేపట్ల అయితది" అంటూనే ఉన్నాను. కాన్పు చేయలేక తోలుకొనిపోతే డాక్టరమ్మ ముందు నా ముఖం ఏం కావాలి? అదే నా ఏడుపు. కాన్పు కోసం పొయ్యి మీద పెద్ద కాగు మరుగుతోంది. ఊళ్లో అంత పొద్దున కాగిన నీళ్లు అవే.

గడప బయట చిచ్చా దగ్గాడు. "బిడ్డా, ఆ ఉడుకునీళ్లు నాకియ్యి. బండి రాయి లెక్క అయింది. రేడియేటర్ల పోస్తే గాని కదలదు."

నాకు ఒళ్లు మండింది. "లోపల మనిషి సావుబతుకుల్లో ఉంటే బండికి నీళ్లా? బుద్ధుందా చిచ్చా?"

ఆయన గొంతు పెంచలేదు. "కాన్పు ఈడ అయితదా? నిజం చెప్పు. అయితదంటే నీళ్లు నీయి. కాదంటే నాయి."

ఎల్లమ్మ తల్లి నా ముఖంలోకి చూసింది. చివరికి "నాతోని కాదు చిచ్చా" అన్నాను. అన్నాక కాగు నేనే దించాను.

ఆయన రేడియేటర్‌లోని చల్లనీళ్లు వదిలి, వేడివి చెంబుతో కొద్దికొద్దిగా పోశాడు. ఆవిరి పట్టి గొంగడి తడిసింది. "ఒక్కసారే కుమ్మరిస్తే ఇనుము పగుల్తది" అంటూ ఇంకా మెల్లగా పోశాడు. నేను లోపల కూర్చొని ఆయన చూపిన చోక్ మీట లాగాను. ఆయన హ్యాండిల్ తిప్పాడు. ఒకటి, రెండు, మూడు... దగ్గుతో వంగిపోయి, లేచి మళ్లీ తిప్పాడు. అయిదోసారికి బండి తుమ్మి, వణికి, అందుకుంది. ఇంటివాళ్లు ఎల్లమ్మను మోసుకొచ్చి వెనక పడుకోబెట్టగానే గొంగడి తీసి, పొడిగా ఉన్న వైపు ఆమె కాళ్లకు కప్పాడు. "పోనియ్యి!" అని అరిచాను. "జర ఉడుకెక్కనియ్యి. తొవ్వల ఆగితే ఎవర్ని పిలుస్తవ్?" అన్నాడు. ఆ కొద్దిసేపూ నాకు ఏడాదిలా గడిచింది.

దవాఖానలో డాక్టరమ్మ కోత పెట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. చేతులు కడుక్కుంటూ, "ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ పోయేవాళ్లు. తోలుకురావాలన్న తెలివి ఎవరిది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తలుపు దగ్గర నుంచి చిచ్చా అందుకున్నాడు. "నర్సమ్మదే. కాగు గూడ తనే దించింది." డాక్టరమ్మ నా భుజం తట్టింది. నేను కాదనలేదు. సిగ్గుతో చచ్చిపోతూ ఆ మెప్పు తీసుకున్నాను.

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిపాను. నలభై ఎనిమిదిలో పోలీసు చర్యతో ఊళ్లన్నీ అల్లకల్లోలమైనప్పుడు చిచ్చా ఇంటిల్లిపాదినీ తీసుకొని వెళ్లిపోయాడు. ఎటు పోయాడో ఎవరినడిగినా తెలియలేదు. గొంగడి మాత్రం దవాఖాన గూట్లో మిగిలింది.

ఆ తర్వాత ఎన్ని కాన్పులు చేశానో! ఎప్పుడు మొండితనం తలకెక్కినా గడప బయట దగ్గు వినిపించేది. "నాతోని కాదు, బండి తియ్యండి" అనడానికి మళ్లీ ఎన్నడూ తడబడలేదు. అలా బతికిన తల్లులు నాకు దండం పెట్టినప్పుడల్లా లోపల ముల్లులా గుచ్చుకునేది. డాక్టరమ్మా, నువ్వూ లేవు, ఆయనా లేడు. అయినా చెబుతున్నాను. ఆ తెలివి నాది కాదు. ఇమాం చిచ్చాది.