జేజి విడిచిపెట్టిన మాట

పంతొమ్మిది వందల యాభైలలో ఒక ఎండాకాలం డోన్ దగ్గర మా ఊరికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఒకాయన భాషల పరిశోధకుడు. చెయ్యి, కన్ను, నీళ్లు లాంటి మాటలు తెలుగులోనూ కన్నడంలోనూ ఎన్ని కలుస్తాయో చూసి, ఆ రెండూ ఎంతకాలం కింద వేరుపడ్డాయో లెక్కగడతానన్నాడు. రెండో ఆయన డాక్టరు. గుహల్లో దొరికిన పాత ఎముకలు చూడటానికి వచ్చి, మనుషుల దవడలు కూడా కొలుస్తున్నాడు. ఊరి క్రైస్తవ సంఘానికి కాపరి మా నాన్నే గనుక మందిరం వసారాలో వాళ్లకు చోటిచ్చాడు. ఊళ్లో అందరికంటే పెద్దది నాన్న తల్లి, మా జేజి. ఆమెనే కూర్చోబెట్టారు.

నేను ఆదివారం బడిలో పిల్లలకు బాబెలు గోపురం గురించి చెప్పేదాన్ని. దేవుడు భాషల్ని ఒక్కసారిగా తారుమారు చేశాడని నేర్చుకున్నాను, అదే నేర్పాను. ఈ భాషల ఆయనేమో చెట్టు ఆకులు రాల్చినట్టు భాష ఒక్కొక్క మాటే రాల్చుకుంటుందన్నాడు. రెండూ నా తలలో ఇమడలేదు.

ఆయన తన మోకాలి మీద గీరుకున్న చోటు చూపించాడు. "అవ్వా, ఈడ కారేదాన్ని ఏమంటారు?"

"రక్తము."

"అది పుస్తకాల మాట. ఇంట్లో ఏమంటారు?"

"మా ఇంట్లో అదేనప్పా. నువ్వడిగేది జాతర మాట. దేవర ముందర పొట్టేలు మెడ కోస్తే కారేది. నేను బాప్తిస్మం తీసుకున్న దినమే దాన్ని నీళ్లలో ఇడిచిపెట్టినా."

రక్తము సంస్కృతం నుంచి వచ్చిందనీ, తన లెక్కకు పనికిరాదనీ ఆయన ఎంత చెప్పినా జేజి కదల్లేదు.

ఈలోగా డాక్టరు ఇనుప కొలబద్దతో జేజి దవడ కొలిచాడు. గడ్డం దగ్గర ఆగి, "ఇట్లా ముందుకు పొడుచుకొచ్చే ఎముక మనిషికే ఉంటుంది. కోతికి కూడా లేదు" అన్నాడు.

"ఎందుకు సార్?" అన్నాను.

"ఎవరికీ సరిగా తెలీదమ్మా."

జేజి పకపకా నవ్వింది. "ఇంత సదువుకొని అదీ తెలీదా! గడ్డం పట్టుకొని బతిమాలుకునేదానికి!"

భాషల ఆయన వెంటనే ముందుకు వంగి జేజి గడ్డం పట్టుకున్నాడు. "అయితే పట్టుకుంటి అవ్వా. ఒక్క మాట."

బయటి పెద్దమనిషి ఒకడు జేజి మొహం తాకడం నేను అంతకుముందు చూడలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. "నెత్తురు" అంది.

"కన్నడంలో నెత్తరు!" అని ఆయన సంబరంగా రాసుకున్నాడు.

ఆ ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల, క్రీస్తు రక్తమని ద్రాక్షరసం పంచే ఆరాధన. ఎన్నడూ తప్పని జేజి గోడకు తిరిగి పడుకుంది.

"నేను రానే. ఆ మాట నోట్లోనే ఉండాది. ఎన్నితూర్లు పుక్కిలించినా పోలేదు. ఈ నోటితో ప్రభువు గిన్నె యెట్ల తాకేది?"

మాటకు మైల ఉంటుందా? నాన్నను అడుగుదామనుకున్నాను. ఉందంటే జేజి ఇక ఎప్పటికీ రాదేమోనని భయమేసింది. ఏం చెయ్యాలో తోచక నేనూ ఆమె గడ్డమే పట్టుకున్నాను.

"జేజీ, సిలువ మీద ప్రభువుకు మేకులు కొడితే కారింది మనకు కారేటిదే కదా?"

అది విశ్వాసమో, దైవదూషణో అని, ఆ మాట అంటూ ఉండగానే నాకు అనుమానం వచ్చింది. జేజి నావైపు తిరిగింది. "మనదేనా?" అంది. జవాబు కోసం చూడకుండా లేచి తెల్లచీర కట్టుకుంది.

నాన్న గిన్నె అందిస్తూ "రక్తము" అన్నాడు. జేజి కళ్లు మూసుకొని, "నెత్తురు" అని మెల్లగా అని తాగింది. నాన్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరువాత గిన్నె నా దగ్గరికి వచ్చింది. జేజి ఏడుస్తోంది. అది సంతోషమో, పశ్చాత్తాపమో నేను అడగలేదు.

సాయంత్రం పిల్లలకు బాబెలు గోపురం మొదలుపెట్టి, ఇటుకలు కాల్చడం దాకా చెప్పి, దేవుడు భాషల్ని తారుమారు చేసే చోటు రాకముందే ఆపేసి పాట పాడించాను.