రెండు ముద్దల రొట్టె

అక్కకు నా కిడ్నీ ఒకటి సరిపోతుందని రక్తపరీక్షలన్నీ తేల్చిన తర్వాత, హైదరాబాదు ఆసుపత్రిలో చివరగా నన్ను బరువు తూచే యంత్రం ఎక్కించారు. తొంభై ఏడు కిలోలు. డాక్టరు ఆ అంకెను, నా ఎత్తును కాగితం మీద పక్కపక్కన రాసుకున్నారు.

"ఎనభై ఐదుకు దిగిన తర్వాత రండి. ఇంత బరువుతో ఒక్క కిడ్నీ మీద బతికితే కొన్నేళ్లకు మీరూ పేషెంటే అవుతారు" అన్నారు.

మమ్మల్ని కన్న అవ్వకు షుగరు ఉన్నందువల్ల ఆమెను మొదటి రోజే పక్కన పెట్టారు. బాపు లేడు. అక్క భర్త కూడా పోయి చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి అక్క బోధన్‌లో మా ఇంట్లోనే ఉంటున్నది. ఇవ్వగలిగినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. నాకూ ఆమెకూ మధ్య పన్నెండు కిలోలు అడ్డంగా ఉన్నాయి.

బయట బెంచీ మీద కూర్చున్న అక్క నా ముఖం చూసి అడిగింది.

"ఏమన్నరు రా?"

"పన్నెండు కిలోలు తగ్గాల్నట."

"గింతేనా! నేను నాలుగు గంటల్ల మూడు కిలోలు తగ్గి లేస్త. నన్నడిగితే చెప్పకపోదునా?"

వారానికి మూడుసార్లు నిజామాబాద్‌లో ఆమెకు డయాలసిస్ జరిగేది. మంచం ఎక్కే ముందు ఒకసారి, దిగిన తర్వాత ఒకసారి తూచేవారు. మధ్యలో తగ్గినదంతా ఒంట్లో నిలిచిపోయిన నీరు. ఆ రెండు అంకెల తేడాను ఆమె ఎప్పుడూ పరిహాసంగానే చెప్పేది. పక్కన ఉన్నవాళ్లు నవ్వాలా వద్దా అని తడబడేవారు.

అదే రోజు ఆసుపత్రిలోని డైటీషియన్ గారు నన్ను కూర్చోబెట్టి లెక్క వేశారు. వయసు, ఎత్తు, బరువు, కాలేజీ ఆఫీసులో రోజంతా కుర్చీలో చేసే గుమాస్తా పని, అన్నీ అడిగి రాసుకున్నారు.

"ఈ బరువు ఇలాగే నిలబడడానికి మీ ఒంటికి రోజుకు సుమారు ఇరవై రెండు వందల కేలరీలు కావాలి. అందులో ఐదు వందలు తీసేద్దాం. రోజుకు పదిహేడు వందలు తినండి. వారానికి అర కిలో చొప్పున ఆరు నెలలు పడుతుంది."

"ఇంకా తొందరగా కావాలంటే, మేడమ్?"

"తొందరపడితేనే చెడుతుంది. పదిహేడు వందలైతే మీరు ఆరు నెలలూ తినగలరు. వెయ్యి అయితే తినలేరు. మీరు మొండిగా ఓర్చుకున్నా ఒళ్లు ఓర్చుకోదు."

నేను వినయంగా తల ఊపాను. తిరుగు ప్రయాణంలో బస్సు ఇందల్వాయి దాటుతుండగా నా లెక్క నేను వేసుకున్నాను. ఆరు నెలలంటే అక్క ఇంకా డెబ్బై ఎనిమిది సార్లు ఆ మంచం ఎక్కాలి. పక్క సీట్లో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఫిస్టులా చేసిన ఎడమ చెయ్యిని నిద్రలో కూడా ఒడిలో జాగ్రత్తగా పెట్టుకున్నది. రోజుకు పదకొండు వందలే తింటే మూడు నెలల్లో ముగుస్తుందని నాకు తోచింది. ముప్పై తొమ్మిది సార్లు మిగులుతాయి. డిచ్‌పల్లిలో ఎం.కాం. చదివినవాడిని, కూడికలు, తీసివేతల మీద నాకు నమ్మకం ఎక్కువ. డైటీషియన్ గారు నిపుణురాలు కదా, ఆ అంకె ఎందుకు చెప్పి ఉంటారని ఆలోచించలేదు.

ఆ చదువు ఎవరి వల్ల వచ్చిందో ఇక్కడ చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. నేను బడికి పోవడానికి అక్క ఏడో తరగతితో బడి మాని, అవ్వ పక్కన కూర్చుని బీడీల చేట ఒడిలో పెట్టుకుంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట వేయడం. నా పుస్తకాలు, నా బస్సు పాసు అన్నీ ఆమె వేళ్ల మీదుగానే వచ్చాయి. నాకు ఉద్యోగం వచ్చి పొట్ట పెరిగినప్పుడు గల్లీలో అందరికన్నా సంతోషించింది ఆమే. "సదువుకున్నోని తీరు కొట్టొచ్చినట్టు కనవడాలె" అనేది. ఆ తొంభై ఏడు కిలోలలో ఆమె కొసరి కొసరి వడ్డించినవి ఎన్ని కిలోలో నేను చెప్పలేను.

మరునాడే ఒక నోటుబుక్కు పెట్టాను. ఫోనులో దొరికిన పట్టిక ప్రకారం జొన్నరొట్టెకు నూట యాభై. పొద్దున రెండు, రాత్రి రెండు. మధ్యాహ్నం కొలిచిన అన్నం, పప్పు, పలుచటి మజ్జిగ. చక్కెర లేని చాయ్. అన్నీ కలిపి పదకొండు వందలు. డయాలసిస్ ఉన్నా లేకున్నా రొట్టెలు అక్కే కొట్టేది. వద్దన్నా వినేది కాదు.

"నీది తిండి లెక్క, నాది నీళ్ల లెక్క. దినానికి రెండు గిలాసలే తాగుమన్నరు నన్ను. ఇద్దరం కలిసి ఏదన్న పరీక్ష రాసినమనుకో, ఫస్టు నేనే అస్త" అనేది.

రొట్టెలు కొంచెం మందంగా ఉండేవి. సూదులు గుచ్చిన చెయ్యి, తరిగిపోయిన బలం. పలుచగా కొట్టలేకపోతున్నదని అనుకున్నాను. ఆ మాట అడిగితే ఆమె మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను.

ప్రతి ఆదివారం బజారులోని బెల్లం వ్యాపారి పెద్ద కాంటా మీద తూచుకునేవాడిని. ఆయన బాపుకు పాత స్నేహితుడు. తూకం ఆయనకు అలవాటైన వేడుక.

"క్యా సార్, అర్ధ కిలోనే! బండి మీద చెరుకు గూడ వారంల ఇంతకంటె ఎక్కువ ఎండుతది."

"తగ్గుతా చాచా."

"తగ్గుడు కాదు, ముఖం సూడు, మంచిగున్నది. నాకైతే పరేషాన్ లేదు."

నాకు మాత్రం పరేషానే. ఆరు వారాలకు మూడు కిలోలే తగ్గాను. నా లెక్క ప్రకారం ఆరుకు పైగా తగ్గాలి. కాంటాను అనుమానించాను. ఫోను పట్టికను అనుమానించాను. సాయంత్రాలు మైలు దూరం ముందే బస్సు దిగి నడిచాను. ఆకలి మాత్రం భరించలేనంతగా ఎప్పుడూ లేదు. దాన్ని నా నిగ్రహం గొప్పతనమని భావించాను.

ఒక రోజు పొద్దున మామూలు కంటే ముందుగా లేచి వంటింట్లోకి వెళ్లాను. అక్క పొయ్యి ముందు కూర్చుని, తడిపిన జొన్నపిండిలోంచి ఒక ముద్ద తీసుకుంది. దాని పక్కనే ఉన్న మరో ముద్దను తీసి దాని మీద పెట్టి అదిమింది. రెండూ కలిపి ఒకే రొట్టెగా కొట్టడం మొదలుపెట్టింది. అరచెయ్యి చక్కగా తిరుగుతున్నది. బలహీనత ఏమీ కనిపించలేదు.

"అక్కా, ఒక్క రొట్టెకు రెండు ముద్దలా?"

ఆమె ఉలిక్కిపడలేదు. "సూసినవా?" అంది.

"ఎన్ని దినాల సంది?"

"నువ్వు బుక్కు పెట్టినప్పటి సంది."

"నేను నాలుగు రొట్టెలని రాసుకుంటున్న."

"నాలుగే గదరా తిన్నది! కట్టకు ఇరవై అయిదు బీడీలు. తంబాకు నిండుగ పోసినా ఇరవై అయిదే, పలుచగ పోసినా ఇరవై అయిదే. నీ లెక్క ఏడ తప్పింది?"

ఆ ఉపాయం బీడీలు చేసే ప్రతి ఇంటికీ తెలిసినదే. ఇచ్చిన తంబాకు తక్కువైతే, బీడీకి కొంచెం కొంచెం తగ్గించి పోసి సంఖ్య పూర్తి చేస్తారు. అక్క దాన్నే తిరగేసింది. వాకిట్లో చేటతో కూర్చున్న అవ్వ అక్కడి నుంచే అంది: "దాన్నేమనకు బిడ్డా. నువ్వు కండ్లు తిరిగి పడ్తవని దాని భయం."

"నీకు బతకాల్నని లేదా?" అని అక్క మీద అరిచాను.

"ఉన్నది. గందుకే పెడుతున్న. రేపు నిన్ను కోస్తరు. కోసేటోనికి బక్కోడు కావాల్నా, బలమున్నోడు కావాల్నా?"

దానికి నేను చెప్పిన సమాధానం ఇప్పటికీ నాకు యథాతథంగా గుర్తున్నది. "ఏడో తరగతి సదివి నాకు లెక్కలు చెప్తవా?" అన్నాను.

రొట్టె పెనం మీద కాలుతున్నది. ఆమె దాన్ని తిప్పింది. తీసి పళ్లెంలో పెట్టింది. చేతులు కడుక్కుని లేచి బయటికి వెళ్లింది. ఆ తర్వాత నా కోసం పిండి ముట్టలేదు.

వంటింటి తూకపు యంత్రం ఒకటి కొన్నాను. పిండిని, బియ్యాన్ని, నూనెను నేనే తూచి వండుకున్నాను. పోయిన ఆరు వారాలను రాబట్టాలని అంకెను తొమ్మిది వందలకు దించాను. ఇక అసలైన ఆకలి ఏమిటో తెలిసింది. ఆఫీసులో విద్యార్థుల ఫారాలు చూస్తుంటే అక్షరాలు జరిగేవి. మిట్టమధ్యాహ్నం చేతులు చల్లబడేవి. దువ్వెనకు వెంట్రుకలు వచ్చేవి. అవ్వ ఏదైనా అడిగితే కసిరేవాడిని. అక్క నా పళ్లెం వైపు చూసేది. పరిహాసాలు ఆగిపోయాయి.

బరువు మాత్రం నేను కోరినట్టే దిగింది. ఏడు వారాల్లో తొమ్మిదిన్నర కిలోలు. కాంటా మీద ఎనభై నాలుగున్నర చూసి చాచా వేడుక చేయలేదు.

"సార్, తబియత్ బాగున్నదా? ఎండిన చెరుకు తక్కువ తూగుతది గని, మిల్లోడు దాన్ని మెచ్చడు."

ఆ వారమే ఆఫీసులో కుడి పక్కటెముకల కింద నొప్పి లేచింది. ఆఫీసు ఉన్న కంఠేశ్వర్‌లోనే ఒక మందుల దుకాణంలో గ్యాస్ బిళ్లలు తీసుకుని మింగాను. తగ్గింది. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. అయినా అక్కను తీసుకుని, చెప్పిన గడువులో సగానికే బరువు తగ్గి వచ్చానన్న గర్వంతో హైదరాబాదు వెళ్లాను.

స్కానులో పిత్తాశయం నిండా రాళ్లు కనిపించాయి. డాక్టరు పాత స్కానును పక్కన పెట్టి పోల్చి చూశారు. మూడు నెలల కిందట ఒక్కటి కూడా లేదు. ఒంట్లో రక్తం కూడా తగ్గింది.

"ఇంత వేగంగా బరువు దిగితే ఇలా జరగవచ్చు. ముందు దీనికి ఆపరేషన్ చేయాలి. మీరు కోలుకోవాలి. అన్ని పరీక్షలూ మళ్లీ మొదలు. అప్పటిదాకా మీ నుంచి కిడ్నీ తీసుకోలేం."

డైటీషియన్ గారు నోటుబుక్కు అడిగారు. మొదటి ఆరు వారాల పేజీలు తిప్పి, "ఇవి తింటూ వారానికి అర కిలోనే తగ్గారా? కుదరదే" అన్నారు. రెండు ముద్దల సంగతి చెప్పాను. ఆమె పెన్నుతో కూడారు. రోజుకు నాలుగు రొట్టెలు, ఒక్కొక్కదానిలో మరో నూట యాభై. పదకొండు వందలకు ఆరు వందలు కలిపితే పదిహేడు వందలు.

"నేను చెప్పింది ఇదే కదా. ఎవరు వండారు?"

అక్క గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నేను ఆమె వైపు చూపించాను. అక్క తల వంచుకుని చీర కొంగు సర్దుకుంది. గెలిచినట్టు ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

పిత్తాశయం తీయించుకుని, కోలుకుని, పరీక్షలన్నీ మళ్లీ ముగించేసరికి ఐదు నెలలు పట్టింది. పదిహేడు వందలతో నడిచి ఉంటే దానికి రెండు నెలల ముందే ఆపరేషన్ బల్ల ఎక్కి ఉండేవాళ్లం. ఆ నెలల్లో అక్కకు ఆయాసం మొదలైంది. మెట్లు ఎక్కలేకపోయింది. చివరికి నన్ను అర్హుడిగా తేల్చిన రోజున ఆమె గుండె పరీక్ష చూసి, ఈ స్థితిలో ఆమె ఆపరేషన్‌ను తట్టుకోలేదన్నారు. మందులు వాడి చూద్దాం, కొన్ని నెలలకు మళ్లీ పరీక్షిద్దాం అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు డాక్టరు నా వైపు చూడలేదు.

అది జరిగి ఏడాది దాటింది. ఆ పరీక్ష మూడుసార్లు చేశారు. ఫలితం మారలేదు.

నేను ఎనభై నాలుగు కిలోల దగ్గర నిలబడి ఉన్నాను. డైటీషియన్ గారు ఇచ్చిన కొత్త అంకె రెండు వేలు. "బతికినన్నాళ్లూ తినగలిగే అంకె ఇది" అన్నారు. ఒకవేళ ఆసుపత్రి నుంచి పిలుపు వస్తే ఎనభై ఐదు లోపలే ఉండాలి కాబట్టి ఆదివారాలు కాంటా ఎక్కడం మానలేదు. పిలుపు రాదని చాచాకు తెలుసు, అవ్వకు తెలుసు. ఎవరూ నాతో అనరు.

ఇప్పుడు రొట్టెలు నేనే కొడతాను. అక్క నులకమంచం మీద గోడకు ఆనుకుని, వంటింటి తలుపులోంచి చూస్తూ ఉంటుంది. ఏడో తరగతి మాటకు క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒకసారి మొదలుపెట్టాను కూడా. "పెనం మాడుతున్నది సూడు ముందుగాల" అని నా మాట తుంచేసింది.

నిన్న పొద్దున పిండి పిసికి ముద్దలు చేస్తుంటే అడిగింది.

"రొట్టెకు ఎన్ని ముద్దలు రా?"

"రెండు."

"బుక్కుల ఎంత రాస్తవ్?"

"రెండు ముద్దలనే రాస్తున్న అక్కా."

"ఆఁ. గట్ల రాయి."

ఆమెకు ఒక రొట్టె కాల్చి ఇచ్చాను. పావు వంతు తిని ఆయాసంతో ఆగిపోయింది. మిగిలిన ముక్కను నా పళ్లెంలోకి జరిపింది. తిన్నాను. తర్వాత నోటుబుక్కు తెరిచి దాన్ని కూడా రాసుకున్నాను.