ఆర్డిస్ టేపు, ఎల్‌రాయ్ దుప్పి

ఫిబ్రవరి వచ్చిందంటే ఆదివారాలు నా బారు వెనకగదిలోని పెద్ద బల్ల నాది కాదు, ఆర్డిస్ టోలెఫ్‌సన్‌ది. చర్చి నుంచి నేరుగా వస్తుంది. ఉప్పు సీసాలూ మిరియాల సీసాలూ తీసి నా చేతిలో పెడుతుంది, సంచిలోంచి సన్నటి ఉక్కు టేపు బయటికి లాగుతుంది. తాగేది ఒక్క కాఫీ. ఆ బల్ల మీద నలుగురు కూర్చుంటే నాకు ఎంత బేరమో ఆవిడకి పట్టదు.

నవంబరు వేటలో పడిన దుప్పి కొమ్ములు రెండు నెలలు ఆరితేగానీ కొలవకూడదు. అందుకని మా మిస్సిసిపీ నది ఒడ్డు ఊళ్ళ మగాళ్ళందరూ చలికాలం చివర కొమ్ములు చంకన పెట్టుకుని ఆవిడ ముందు వరస కడతారు. అడుగు నుంచి కొస దాకా తల్లికొమ్ము పొడవు, ఒక్కో మొన పొడవు, నాలుగు చోట్ల చుట్టుకొలత, రెండు కొమ్ముల మధ్య ఎడం, అన్నీ కూడుతుంది. కుడికీ ఎడమకీ ఉన్న తేడాలు తీసేస్తుంది. అంగుళంలో ఎనిమిదో వంతు కూడా వదలదు. మొత్తం నూట డెబ్బై అంగుళాలు దాటితే రికార్డు పుస్తకంలో పేరు. లేదంటే గోడకి తగిలించుకోవడమే. ఇంత చేసి ఒక్క డాలరు పుచ్చుకోదు.

ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఇప్పటికీ ఆవిడ తల తిప్పి చూస్తే నేను నిటారుగా నిలబడతాను. సొంత వియ్యంకుడి దుప్పి ఎనిమిదో వంతు తక్కువ పడినప్పుడు కూడా ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు.

"కాస్త టేపు వదులుగా పట్టుకో చెల్లెమ్మా, ఎవరు చూడొచ్చారు?" అని బతిమాలాడు ఆయన.

"టేపుదేముంది అన్నయ్యా, మీరే ఇంకో ఏడాది ఆగి కాల్చుంటే అదే పెరిగుండేది."

ఆ చలికాలమంతా ఆయన అలిగి, మా బారులో శుక్రవారాల చేపల వేపుడు మానేసి పక్క ఊరు పోయాడు. నష్టం నాకు. ఆవిడకేం!

అలాంటావిడ దగ్గరికి పోయిన ఏడాది వెర్లిన్ తన తండ్రి కొమ్ములు తెచ్చాడు. తెచ్చాడంటే, నా గోడ మీంచే దించాడు. మా నాన్న కాలం నుంచీ అవి నా గల్లాపెట్టె పైన ఉన్నాయి. కింద చెక్క, పుర్రె ఎముక కనబడకుండా ఎర్ర మఖమల్ గుడ్డ. వెర్లిన్ తండ్రి ఎల్‌రాయ్ ఆ దుప్పిని కాల్చి, మంచె దిగుతూ మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. వెర్లిన్ ఆ తర్వాత నెలకి పుట్టాడు. తండ్రివంటూ అతనికి మిగిలినవి, టోపీ నీడలో సగం మొహం కనబడని ఫోటో ఒకటి, ఈ కొమ్ములూ.

"పుస్తకంలో ఆయన పేరు అచ్చులో చూడాలి. ఆయన ఉన్నాడని నాకు ఇంకోచోట ఎక్కడైనా కనబడాలిగా" అనేవాడు నాతో. యాభై దాటిన మనిషి, నూరు ఆవుల పాడి, ఆ మాట అన్నప్పుడు మాత్రం గ్లాసులోకి చూసేవాడు. తల్లి లవాన్ ఏటా ఏదో వంక చెప్పి ఆపుతూ వచ్చింది. ఈసారి ఆవిణ్ణే కారెక్కించి తెచ్చాడు.

లవాన్‌కి నేను బ్రాందీ పోశాను. కోటు విప్పకుండానే కూర్చుంది.

"ఆ గుడ్డ నేను కుట్టింది. దాని జోలికి పోకుండా కొలుచుకోండి" అంది.

"పుర్రె చూడకుండా టేపు పెట్టను వదినా" అంది ఆర్డిస్ ఊరి వరసన, మరలు విప్పుతూ.

చివరి మర ఊడింది. గుడ్డ జారింది. ఎప్పటి జిగురో ఊడిపోయి, పుర్రె రెండు ముక్కలై బల్ల మీద అటొక కొమ్మూ ఇటొక కొమ్మూ ఒరిగాయి. పగిలింది కాదు. రంపంతో నిలువునా కోసింది.

ఆర్డిస్ టేపు పక్కన పెట్టేసింది. "వెర్లిన్, కూర్చో. పుర్రె రెండయితే కొమ్ముల మధ్య ఎడం ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు. ఎంత కావాలంటే అంత జరుపుకోవచ్చుగా. పుస్తకంలోకి తీసుకోరు."

"మిగతావి కొలిచి, ఎడం ఉజ్జాయింపుగా వెయ్యలేవా అత్తా?"

"వెయ్యను."

నాకు ఒళ్ళు మండింది. ఆ టేపు తీసుకెళ్ళి చేపలు వేపే నూనెలో పడేద్దామనిపించింది. వెర్లిన్ నావైపు తిరిగాడు.

"కోసింది మీ నాన్నేనా? గోడ మీద పట్టలేదనా?"

"ఆయన్నెందుకు అంటావురా? కోసింది నేనే" అంది లవాన్.

బ్రాందీ ఒక్క గుక్కలో తాగేసింది. "మీ నాన్న తన దుప్పిని దగ్గర్నుంచి చూడనేలేదు. పొద్దస్తమానం అదే అడిగేవాడు, ఎంత ఉంది, ఎన్ని మొనలు అని. చచ్చిన జంతువు కొమ్ములు లోపలికి రానివ్వనంది నర్సమ్మ. ఇంటికెళ్ళి రంపం తీశాను. ఇటొకటి అటొకటి కోటు కింద దోపుకున్నాను. నువ్వేమో ఎనిమిదో నెల కడుపులో ఉన్నావు, కనిపెట్టేదెవరు? అదే నర్సమ్మ తలుపు తీసి పట్టుకుని, కవలలా అమ్మా అని అడిగింది."

నేను ఫక్కున నవ్వేశాను. ఆర్డిస్ నన్ను బస్సు చూపు చూసింది.

"ఆయన వాటిని అలా తడుముతూనే ఉన్నాడు. మళ్ళీ కలిపి చూడాలంటే మంచం మీద చోటేదీ? నా పొట్టకి ఇటొకటి అటొకటి ఆనించి పట్టుకున్నాడు. 'లవాన్, ఎంత ఎడం ఉందో చూడు, మధ్యలో మనవాడు పడుకున్నాడు' అన్నాడు. నువ్వు లోపల్నించి తన్నావు. కొమ్ము కదిలింది. ఆయనకి ఎంత నవ్వో! కోశానని తెలిస్తే నువ్వు తిడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదురా."

వెర్లిన్ జేబులు తడుముకున్నాడు. చేతిరుమాలు దొరక్క ఆ మఖమల్ గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు. నా కళ్ళూ తడిశాయి, సిగ్గేముంది. పుస్తకం పోతే పోయింది, ఇంత సంతోషం మా బారులో నేనెప్పుడూ చూడలేదు. అతను ఉన్నట్టుండి లేచాడు. కోటు గుండీలు విప్పి, రెండు కొమ్ములూ తీసి తన బొజ్జకి ఇటూ అటూ ఆనించుకున్నాడు.

"అత్తా, ఎడం దొరికింది. కొలువు."

"ఆ బొజ్జతోనా! ఏనుగనుకుంటారు" అంది లవాన్.

కొలత దగ్గర ఆర్డిస్ వేళాకోళం సాగనివ్వదు. ఇక అయింది వీడి పని అనుకున్నాను. ఆవిడ టేపు అందుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, ఈ కొమ్ము లోపలి అంచు నుంచి ఆ కొమ్ము లోపలి అంచు దాకా లాగింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ లాగింది.

"ఎడం తల్లికొమ్ము పొడవుని మించితే ఆ ఎక్కువ లెక్కలోకి రాదు, రూలు" అంది. "పొట్ట లోపలికి పీల్చు."

వెర్లిన్ ఊపిరి బిగబట్టాడు.