చిటికెన వేలు తగలని చోటు

బీజింగ్‌లో మా సందులో అక్రోట్లు తిప్పే ముసలాళ్లకు కొదవలేదు. అరచేతిలో జత పెట్టుకుని, ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా ఏళ్ల తరబడి తిప్పితే, చేతి చెమటకీ జిడ్డుకీ అవి ఎర్రగా నిగనిగలాడతాయి. మా పక్కింటి లూ ఫుషెంగ్ జతకి మాత్రం మొనల దగ్గర పాలిపోయిన మచ్చ ఉండేది. కార్ఖానాలో లేత్ మిషను ఆయన ఉంగరపు వేలూ చిటికెన వేలూ తినేసింది. ఆ వేళ్లు తాకాల్సిన చోట రంగు ఎక్కలేదు.

ఆయన పోయాక భార్య షియూజెన్ వదిన ఆ జతను పెట్టెలో దాచేసింది. తను ముట్టుకోదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఇక్కడి చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టడం మొదలైతే గాలిలో తడి అన్నది ఉండదు. చెయ్యి తగలని అక్రోటు పగులుతుంది. నేను బలవంతాన పెట్టె తెరిపించి చూస్తే, ఒకదాని మీద అప్పటికే వెంట్రుకంత బీట.

“వదినా, ఇక నువ్వు తిప్పాల్సిందే.”

“ఆయన చెమట మీద నా చెమట పూయమంటావా? ఆ మచ్చ నిండిపోతే ఆయనది ఇంకేం మిగులుతుందయ్యా?”

“పగిలితే ఏం మిగులుతుంది? పెంకులు!”

“నీ నోట్లో మన్ను పడ!” అని తిట్టింది గానీ, మర్నాడే నన్ను పిలిచింది.

నేర్పేసరికి నా ఓపిక చచ్చింది. అవి జారి మంచం కిందికి దొర్లేవి. తిరిగినంతసేపూ టకటకలాడేవి.

“మెల్లగా వదినా! పచ్చడి నూరుతున్నావా?”

“ఆయన తిప్పితే చప్పుడే వచ్చేది కాదు. నాకు భయం అందుకే. ఇల్లు ఇప్పుడూ అంతే నిశ్శబ్దంగా ఉంటుంది. పక్కనే కూర్చుని తిప్పుతున్నాడేమో అనిపిస్తుంది.”

నేను ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూడలేకపోయాను.

కొన్నాళ్లకు కిటికీలోంచి చూసి అక్కడే ఆగిపోయాను. లోపల అక్రోట్లు తిప్పుతున్నది ఫుషెంగ్ చెయ్యే. కాదు, వదినే. ఆ మచ్చకి తన చెయ్యి తగలకుండా చివరి రెండు వేళ్లూ లోపలికి మడిచి, చప్పుడు లేకుండా తిప్పుతోంది. బీట పెరగలేదు, మచ్చా చెదరలేదు. ఆమె మొహంలో ఎంత సంతోషమో!

ఎండలు ముదిరాయి. టీ గిన్నె అందిస్తే మూడు వేళ్లతోనే అందుకుంది. అక్రోట్లు బల్ల మీద ఉన్నాయి, వేళ్లు మాత్రం మడతలోనే ఉన్నాయి. డాక్టరుకి ఏ జబ్బూ కనిపించలేదట. నాకు ఒళ్లు మండి, చెయ్యి లాక్కుని ఆ వేళ్లు విప్పబోయాను. ఎంత లాగినా రాలేదు.

“వదిలెయ్ తమ్ముడూ,” అంది వదిన సిగ్గుపడుతూ. “ఆయన పట్టుకున్నాడు.”