ఆపా ఖాళీ చేయించిన పెరడు

మొన్న సాయంత్రం కరీంనగర్‌లో గాలిదుమారం లేచింది. ఎక్కువసేపు లేదు గాని, మా వెనకింటివాళ్ల మేడమీది రేకుల పందిరిని ఎత్తి తెచ్చి మా పెరట్లో పడేసింది. పొద్దున తలుపు తీయగానే తడిసిన చెక్క వాసన, తుప్పు వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. విరిగిన వాసాలు, వంగిపోయిన రేకులు, కాళ్లు లేని కుర్చీలు, వాటి కింద నలిగిన నా కరివేపాకు చెట్టు. వెనకింటి యజమాని గోడమీదుగా తొంగిచూసి, "ఫికర్ చేయకుండ్రి టీచరమ్మా, లగ్గం పనులల్ల ఉన్నం. అయినంక తీపిస్త" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. "అయినంక కాదు, ఇయ్యాల్నే" అన్నాను. ఒక మగమనిషి ముఖం మీద అంత గట్టిగా అనగలనని ఇరవయ్యేళ్ల వయసులో నాకు తెలియదు. అది నాకు నేర్పిన మనిషి రజియా ఆపా.

నేను ఖానాపూర్ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరేటప్పటికి ఆపా అక్కడ పెద్ద పంతులమ్మ. ఆపా అంటే అక్క. పిల్లలు, తల్లులు, కూరగాయలమ్మే వాళ్లు, అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. పొట్టిగా, కాస్త బొద్దుగా ఉండేది. సన్నంచు తెల్లచీర, కాళ్లకు మగవాళ్లు వేసుకునేలాంటి నల్లబూట్లు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుంది. రాష్ట్రం మారాక తెలుగు రాయడం పిల్లలతో పాటే నేర్చుకుంది. నల్లబల్ల మీద ఆమె దీర్ఘం మరిచిపోతే మూడో తరగతి పిల్ల లేచి, "ఆపా, తప్పు" అనేది. "షాబాష్, వచ్చి నువ్వే దిద్దు" అని చాక్‌పీసు ఇచ్చేది. పోలీసు యాక్షన్ తరువాత అన్నదమ్ములందరూ సరిహద్దు దాటిపోయినా ఆమె పోలేదు. ఎందుకు పోలేదని ఒకసారి అడిగితే, "బడి ఎవ్వలు తెరుస్తరు?" అంది.

మా బడిలో ఏడో తరగతి దాకా ఉండేది గాని, ఐదు దాటాక పిల్లలు మానేసేవారు. పెద్దమనుషులు కట్నాలూ, పెళ్లిళ్లూ, ఆచారాలూ అంటూ ఏవేవో కారణాలు చెప్పేవారు. ఆపా ఇల్లిల్లూ తిరిగి తల్లులనే అడిగింది. ఎదిగిన పిల్ల పొద్దంతా బడిలో ఉంటే పోవడానికి చాటు లేదని వాళ్లు చెప్పారు. ఆపా ఆఫీసులకు అర్జీలు పెట్టి విసిగి, చివరికి తల్లులనే పోగుచేసి బడి పెరట్లో మట్టిగోడలతో పాయిఖానా కట్టించింది. పైన రేకులు, ముందు టేకు చెక్క తలుపు. ఆ ఏడాది ఆరో తరగతిలో ఒక్క పిల్ల కూడా మానలేదు. నేను చేరిన కొత్తలో ఆపా నాకు ముందుగా చూపించింది తరగతి గదులను కాదు, ఆ పాయిఖానానే.

బడి వెనక గోడకు ఆవల నర్సింగరావు కలప కోసే సామిల్లు ఉండేది. ఆయన అడవి నుంచి టేకు దింపే గుత్తెదారు, ఊరికి సర్పంచి కూడా. ఒకసారి తన మిల్లులో చోటు చాలలేదని నాలుగు దుంగలు మా పెరట్లో వేయించాడు. రెండు దినాలే అన్నాడు. ఆ నాలుగింటి మీద ఇంకొన్ని వచ్చాయి. తరువాత విరిగిన బండి చక్రాలు, లారీ నుంచి ఊడదీసిన తుప్పు ఇనుము, తారు డబ్బాలు, మిల్లులో ఎందుకూ పనికిరాని చెక్కపేళ్లు. పిల్లలు కబడ్డీ ఆడుకునే చోటు మాయమైంది. పాములు చేరాయి. దుంగల వరుస పాయిఖానా గోడను ఆనుకుంది. ఆపా వెళ్లి అడిగినప్పుడల్లా ఆయన కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, "వానకాలం పోనీయుండ్రి ఆపా" అనేవాడు. వానకాలం పోతే "పండుగ కానీయుండ్రి" అనేవాడు. ఆ చాయ్ తాగి వచ్చిన రోజున ఆపా పాఠం చెప్పేటప్పుడు చాక్‌పీసులు విరిగేవి.

ఉగాది వెళ్లాక, ఒంటిపూట బడుల రోజుల్లో గాలివాన వచ్చింది. బడి వదిలాక ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ముందు దుమ్ము, తరువాత రాళ్లవాన. బడి పక్కన ఆపా ఉండే ఇంట్లోనే ఒక గది నాది. కిటికీలోంచి చూస్తుండగానే పాయిఖానా రేకులు కాగితాల్లా లేచిపోయాయి. తడిసిన మట్టిగోడ ఒక పక్క కుంగి, దాని మీదికి దుంగలు ఒరిగాయి. ఆపా కిటికీ ఊచలు పట్టుకుని కదలకుండా నిలబడింది. నేను ఏదో ఓదార్పు మాట అనబోతే, "చుప్" అంది.

మరునాడు పొద్దున్నే పెరటి తలుపుకు అడ్డంగా తాడు కట్టి, "ఎవ్వలు బడెనుకకు పోవద్దు" అని ప్రతి తరగతిలో చెప్పింది. కాని పోకుండా పిల్లలు ఎంతసేపు ఉంటారు? ఏడో తరగతి రాజవ్వ రెండో గంట దాకా ఓర్చుకుంది. తరువాత తాడు కింద నుంచి దూరింది. మిగిలిన గోడ చాటుకు పోతుంటే, బురదలో నిలకడ తప్పిన దుంగ దొర్లి ఎడమపాదం మీదికి వచ్చింది. రాజవ్వ కేక విని ఆపా, నేను పరుగెత్తాం. ఇద్దరం కలిసి దుంగను కదిలించలేకపోయాం. ఎదుటి దుకాణాల నుంచి మగవాళ్లు వచ్చి లేపారు. రాజవ్వ తల్లి లచ్చవ్వ బీడీల తంబాకు చేతులతోనే వచ్చి, బిడ్డ కాలు ఒళ్లో పెట్టుకుని నిర్మల్ దవాఖానాకు పోయే బండిలో కూర్చుంది. అక్కడ రెండు వేళ్లు తీసేశారు.

మధ్యాహ్నం నర్సింగరావు కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు. పెరట్లోకి పోయి దుంగలు తట్టి చూశాడు. "మంచియి ఏరి మిల్లుకు తోలుండ్రి. తడిస్తే పగుల్తయి" అని కూలీలకు చెప్పాడు.

"రాజవ్వ ఎట్లున్నదని అడుగుతవేమో అనుకున్న" అంది ఆపా.

"విన్న ఆపా. పాపం. అయినా పోవద్దన్నంక గా పిల్ల ఆడికెందుకు వోయింది?"

ఇన్నేళ్ల తరువాత కూడా ఆ ప్రశ్న రాస్తుంటే నా చెయ్యి బిగుసుకుంటోంది. ఆయన అది కోపంగా అనలేదు. తప్పు ఎవరిదో తేలిపోయినట్టు, నింపాదిగా అన్నాడు.

"నీ బిడ్డ ఎందుకు పోతదో గందుకే పోయింది" అంది ఆపా. కూలీలు తలలు దించుకున్నారు.

నర్సింగరావు ముఖం మారింది. "ఆపా, మీ ఉర్దూ సర్కారు పోయి ఎన్నేండ్లాయె. జర గొంతు తగ్గించుకుంటే మీకే మంచిది."

అందరూ వెళ్లిపోయిన ఊళ్లో ఒంటరిగా మిగిలిన మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు, తెలిసే అన్నాడు. ఆపా మెల్లగా, ఒక్కొక్క మాటే అంది. "సర్కారు ఎవ్వలదైనా పిల్ల కాలు పిల్లదే. పోతే మొత్తం పోవాలె నర్సింగరావ్. నీ చెత్తతోని సహా పోవాలె. లేకుంటే ఒక్క కట్టె కదలది." కూలీలను బయటికి పంపి, దర్వాజకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది. ఆయన నవ్వి, "రేపు చూద్దాం" అని వెళ్లిపోయాడు.

నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆపా నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఎందుకేడుస్తున్నవ్?"

"కోపమొస్తుంది ఆపా."

"కోపమొస్తే ఏడుస్తరా? మనకు చిన్నప్పటి సంది గదే నేర్పిండ్రు బేటీ. మగోనికి కోపమొస్తే చెయ్యి లేస్తది. మనకొస్తే కన్నీళ్లొస్తయి. చేతులకు పని చెప్పు. కండ్లు వాటికవే ఆరుతయి."

తెల్లవారేసరికి తల్లులు వచ్చారు. ఆపా సాయంత్రమంతా తిరిగి వాళ్లకు చెప్పి వచ్చింది. అందరికంటే ముందు వచ్చింది లచ్చవ్వ. కబురు అందగానే బిడ్డ దగ్గర తన తల్లిని ఉంచి, నిర్మల్ నుంచి రాత్రి ఆఖరి బస్సుకే వచ్చేసింది. తాళ్లు, గడ్డపారలు, గంపలు. ఆపా అందరికీ ఒకటే చెప్పింది. "ఒక్క పుల్ల గూడ మనది కాదు. అన్ని ఆయనయే. ఆయనింటి ముందర అప్పజెప్పి వద్దాం." దుంగలను తాళ్లు కట్టి దొర్లించాం. చక్రాలు, ఇనుము, డబ్బాలు, చెక్కపేళ్లు మోశాం. మా బాపు కరీంనగర్లో మగ్గం నేసేవాడు. నన్ను బస్సెక్కించేటప్పుడు, "కొత్త నౌకరి బిడ్డా, తల వంచుకొని పని చేసుకో" అన్నాడు. ఆ రోజు నేను తల వంచినది బరువు ఎత్తడానికే. అరచేతుల నిండా చెక్క ముళ్లు దిగాయి. నొప్పి తెలియలేదు. నా కోపానికి అంత బలం ఉందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

పొద్దు ఎక్కేసరికి నర్సింగరావు ఇంటి ముందు ఆయన సామానే గుట్టలా లేచింది. ఆయన జీపు బయటికి రావడానికి దారి మిగల్లేదు. ఆయన అరుగు మీదికి వచ్చి అరిచాడు, ఠాణాకు కబురు పెడతానన్నాడు. లచ్చవ్వ మోసుకొచ్చిన ఇనుప పట్టీని ఆయన మెట్ల మీద దించింది.

"దొరా, మీ సామాను మీకు అప్పజెప్పినం, చూసుకోండ్రి. నా బిడ్డ కాలివేళ్లు మీరెట్ల అప్పజెప్తరు?"

ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఇది ఇక్కడితో ఆగితే చెప్పుకోవడానికి హాయిగా ఉండేది. ఆదిలాబాద్ నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. సర్పంచి ఇంట్లో భోజనం చేసి, ఆ తరువాత బడికి వచ్చాడు. రజియా బేగం ఆడవాళ్లను ఉసిగొల్పిందని నన్ను రాసిమ్మన్నాడు. "కొత్త ఉద్యోగం, ఆలోచించుకో" అన్నాడు. నేను, "ఎవ్వలు ఉసిగొల్పలే సార్. కోపమొచ్చి పోయినం. నేను గూడ మోసిన" అని అరచేతులు చూపించాను. ఆపాను క్షమాపణ చెప్పమన్నాడు. "రాజవ్వకు చెప్త. పిల్లను కాపాడలేకపోయిన. ఇంకెవ్వలకు చెప్పేది లేదు" అంది.

నాకు మందలింపు వచ్చింది. ఆపాకు ఆసిఫాబాద్ అవతల బస్సు పోని ఊరికి బదిలీ వచ్చింది. వీడ్కోలు రోజున పిల్లలందరూ ఏడుస్తుంటే, ఆమె బస్సు కిటికీలోంచి నన్ను పిలిచింది. "పాయిఖానాకు రేకులు వద్దు. పెంకులు కప్పించు. గోడకు రాయి వెట్టించు" అంది. బస్సు కదిలింది. ఎండాకాలం సెలవుల్లో తల్లులతో కలిసి రాతిగోడ కట్టించాను. రాజవ్వ కుంటుకుంటూనే వచ్చి ఏడో తరగతి పూర్తిచేసింది. నర్సింగరావు ఒక్కనాడు కూడా ఆ పిల్లను చూడడానికి పోలేదు. కొన్నేళ్లకు తన తండ్రి పేరుతో బడికి కమాను కట్టించి, పూలదండలు వేయించుకుని, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆపా ఆ బస్సు పోని ఊళ్లోనే జ్వరంతో పోయిందన్న కబురు, ఖననమైన చాలా రోజులకు నాకు చేరింది.

వయసు మీద పడితే కోపం చల్లారుతుందంటారు. నాకు చల్లారలేదు. తరువాత మంథనిలోనూ, మరెన్నో ఊళ్లలోనూ పని చేశాను. ఏ బడికి పోయినా పెద్ద పంతులమ్మ కుర్చీలో కూర్చునే ముందు వెనక పెరట్లోకి వెళ్లి చూసేదాన్ని. పెద్దమనుషుల పాత సామాన్లు కనిపిస్తే ఆ రోజే తీయించేదాన్ని. అందుకు నాకు మంచి పేరేమీ రాలేదు. నేను రిటైరైన రోజున సభలో ఒక పెద్దాయన నన్ను చాలాసేపు పొగిడి, చివర, "అమ్మకు కోపం ఎక్కువ. గదొక్కటే లోపం" అన్నాడు.

నేను కూర్చున్నచోటి నుంచే చెప్పాను. "గది మా ఆపా ఇచ్చిపోయింది సార్. పాడు కాకుంట దాచుకున్న."

సభ అంతా నవ్వింది. నేను నవ్వలేదు.